వదిలేయడానికి తగిన నీళ్లు

మునియేటి గట్టున గాలం వేసుకుని కూర్చున్న మనిషితో మాట కలిపి, పట్టిన చేపను పట్టినట్టే నీళ్లలో వదిలేసే ఆట ఒకటుందని చెప్పి చూడండి. బెండు మీంచి చూపు తిప్పకుండానే అడుగుతాడు: "వదిలేసేదానికి పట్టడం ఎందుకండీ?"

ఆ ప్రశ్నను నవ్వి దాటేయడానికి లేదు. ఫ్లై ఫిషింగ్ గురించి నాలుగు వీడియోలు చూసి, ఆన్‌లైన్‌లో ఒక రాడ్ తెప్పించుకుని, మన జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఎక్కడ విసరొచ్చని అడిగే కుర్రాళ్లు ఇప్పుడు కనిపిస్తున్నారు. అమెరికాలో రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కొనుక్కుని ఏటి ఒడ్డున ఆదివారాలు గడిపి, సెలవులకు ఊరొచ్చి అదే అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లంతా చేపలు ఎక్కడున్నాయనే అడుగుతారు. గట్టు మీది మనిషి ప్రశ్న మాత్రం వదలడం గురించి. ఈ మెట్ట ప్రాంతపు నీళ్లన్నిటినీ ఒకసారి వరసగా చూస్తే అసలు చిక్కు ఆయన అడిగిన చోటే ఉందని తెలుస్తుంది. చేప పడే నీళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. వదిలిన చేప నిజంగా బతికే నీళ్లే కొద్ది.

పాత కృష్ణా జిల్లాలో చేపలంటే అందరికీ కైకలూరు, కొల్లేరు గుర్తొస్తాయి. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లిన ఈ మెట్టను ఎవరూ తలవరు. కానీ పల్లపు సీమలో ఉన్నది ఎక్కువగా కాలువ నీరు, చెరువు నీరు. రాళ్ల మీదుగా, ఇసుక మీదుగా పారే ఏరు మెట్టకే ఉంది. కృష్ణ, పాలేరు, మునియేరు, వైరా, కట్టలేరు, వీటికి తోడు సాగర్ ఎడమ కాలువ, ఊరూరా చెరువు. ఈకల ఎరకు కావలసింది పారే నీరే కాబట్టి ముందుగా ఆ ఎర సంగతి.

దారమే బరువు

మామూలు గాలంలో సీసపు గుండు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో గుండు ఉండదు. చిన్న గాలానికి ఈకలు, ఉన్ని, వెంట్రుకలు చుట్టి పురుగులా, కప్పపిల్లలా, చిరుచేపలా కట్టిన ఎరకు బరువే ఉండదు. అందుకని దారాన్నే లావుగా, బరువుగా చేస్తారు. చర్నాకోల ఝళిపించినట్టు ఆ దారాన్ని ముందు వెనక్కి ఊపి, తర్వాత ముందుకు వదిలితే ఎర దాని వెంట పోయి నీటి మీద వాలుతుంది. కాబట్టి మనిషి వెనక ఇరవై ముప్పై అడుగుల ఖాళీ జాగా ఉండాలి. సర్కారు తుమ్మ అడ్డొస్తే ఆట అక్కడే ఆగిపోతుంది. మన ఏటి గట్లు తెలిసినవాళ్లకు ఇదెంత పెద్ద షరతో చెప్పనక్కర్లేదు.

ఈ విద్య పాతది. మాసిడోనియాలో ఒక నది దగ్గర గాలానికి ఎర్ర ఉన్ని, కోడి ఈకలు చుట్టి చేపలు పట్టేవాళ్లని రోమన్ రచయిత ఏలియన్ సుమారు 1800 ఏళ్ల కిందట రాశాడు. గాలపు వేట ఒక విలాసంగా మనకూ కొత్తది కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు (పాలన 1126–1138) కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అనే భాగం ఉంది. ఏ చేప ఎక్కడ తిరుగుతుంది, దేనికి ఏ ఎర, కర్ర ఎలా ఉండాలి, దారం ఎలా పేనాలి అన్నవన్నీ అందులో రాజుల వినోదంగా చెప్పాడు. ఇంగ్లీషులో గాలపు వేట మీద తొలి పుస్తకంగా చెప్పుకునేది 1496లో అచ్చయింది. అంటే మనది మూడున్నర శతాబ్దాలు ముందుది.

తర్వాతి మాట మద్రాసు ప్రెసిడెన్సీది. ఇక్కడ సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు వేట మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. 1887లో చెరువుల్లో గాలపు వేట కోసమే విడిగా ఇంకో పుస్తకం రాశాడు. ట్రౌట్ చేపను నీలగిరులకు, కశ్మీరుకు, కులూ లోయకు మోసుకెళ్లి ఇంగ్లండును గుర్తుచేసుకున్న దొరల కాలంలో, దక్షిణాది చెరువే చాలు అనుకున్న మనిషి ఒకడున్నాడన్నమాట. మన సమీక్షకు ట్రౌట్ వాళ్లకంటే ఆయనే దగ్గర.

ఎరలు కట్టడానికి సామాను ఎక్కడినుంచో రానక్కర్లేదు. ప్రపంచమంతా ఫ్లై కట్టేవాళ్లు వాడేది ముఖ్యంగా కోడిపుంజు మెడ ఈకలు. సంక్రాంతి బరుల సీమలో డేగ ఎరుపు, కాకి నలుపు, సేతువ తెలుపు వెతుక్కోవడం కష్టమా? రాలిన నెమలి ఈక పోగులూ పనికొస్తాయి. జపానులో రీలు లేకుండా వెదురు కర్ర కొసకు దారం కట్టి ఈక ఎర వేసే తెంకారా అనే పద్ధతి ఉంది. మన గాలపు వెదురుకు అది పినతండ్రి కొడుకు వరస. చిన్న ఏళ్లకు అదే సరిపోతుంది.

మూడు పరీక్షలు

ఒక నీటిని మంచిది అనాలంటే ఈ వ్యాసం మూడు పరీక్షలు పెడుతోంది.

మొదటిది, వదిలిన చేప బతకాలి. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టి ఉంచగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. పెనుగులాడి అలసిన చేపకు ఎక్కువ ఊపిరి కావలసిన సమయంలో వేడి నీటిలో అది తక్కువ దొరుకుతుంది. ఎండాకాలం 45 డిగ్రీల ఎండ చూసే మన సీమలో ఇది చిన్న విషయం కాదు. చేప ఈదుకుంటూ వెళ్లిపోయింది కదా అని మనం సంతోషిస్తాం. అది ఆ సాయంత్రం మడుగు అడుగున వెల్లకిలా పడి ఉంటే మనకు తెలియదు.

రెండోది, ఆ నీరు ఎవరి కూటిదో తెలియాలి. చెరువులో పిల్ల వదిలిన సంఘం, ఏటిలో తరతరాలుగా వల వేసే కుటుంబం, కాలువ మీద ఆధారపడ్డ రైతు, వీళ్ల తర్వాతే మన వినోదం.

మూడోది, మనిషి అక్కడ నిలబడగలగాలి. వెనక దారం ఊపడానికి జాగా, కాలికింద గట్టి నేల, హఠాత్తుగా నీరు పెరగదన్న నమ్మకం.

కృష్ణమ్మ: పెద్ద నీరు, చిన్న అవకాశం

పేరు చెప్పగానే అందరి వేలూ కృష్ణ వైపే పోతుంది. జగ్గయ్యపేట మండలంలో వేదాద్రి నరసింహస్వామి గుడి మెట్ల దగ్గర, ముక్త్యాల రేవులో, చందర్లపాడు మండలంలో సాగి వంశీకుల రాజధానిగా పేరున్న గుడిమెట్ల కింద నది చూడటానికి కనులపండువగా ఉంటుంది. వాలుగ, జెల్ల, బొచ్చె, రాగండి, అన్నీ అందులో ఉన్నాయి.

అయితే ఈ ముక్కలో కృష్ణ రెండు కట్టడాల మధ్య నది. పైన పులిచింతల, అంటే 45.77 టీఎంసీల డాక్టర్ కె.ఎల్. రావు సాగర్. కింద ప్రకాశం బ్యారేజీ. ఎగువన గేట్లు ఎత్తితే, ఎడమ గట్టున ఉన్న 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం నడిస్తే కింద నీరు పెరుగుతుంది. ఆగితే రాళ్లు తేలతాయి. 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటే కొట్టుకుపోయింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి చేసే వేటకు ఇలాంటి నది నమ్మదగ్గది కాదు. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నది మధ్య రాళ్ల మీద నిలబడి ఉన్న 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు పై ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. తెలుగువాళ్లకు ఆ పాఠం మళ్లీ చెప్పాలా? ఆనకట్ట కింది నదిలోకి దిగేటప్పుడు ఆకాశాన్ని చూస్తే చాలదు, ఎగువన గేట్ల సంగతి కనుక్కోవాలి.

ఇంకో కారణమూ ఉంది. పెద్ద నీటిలో చేప లోతున ఉంటుంది. బరువులేని ఈక అక్కడిదాకా దిగడం కష్టం. కావేరి మహసీర్ చేప కథలు విని కృష్ణలో అలాంటిది ఆశించి వచ్చేవాళ్లు నిరాశపడతారు. నదిలో ఈ ముక్క మహసీర్ నీరు కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచే సముద్రం వైపు నుంచి ఎదురెక్కి వచ్చే చేపలకు దారి మూసుకుపోయింది. తర్వాత వచ్చిన కట్టడాలు నదిని ముక్కలు చేశాయి.

కృష్ణలో వేయదగ్గది ఒక్కచోట. వరద తీశాక ఇసుక తిన్నెల వెనక నిలిచే పాయలు, పిల్లకాలువలు. అక్కడ చిరుచేపల వెంట పడే వాలుగ, జెల్ల పొద్దుగుంకే వేళ పైకొస్తాయి. అవి కూడా ఒంటరిగా వెళ్లే చోట్లు కావు.

మునియేరు: ఈ సీమకు అసలైన జవాబు

వరంగల్లు వైపు పాకాల దిక్కున పుట్టి, ఖమ్మం పట్టణాన్ని తాకి, పోలంపల్లి ఆనకట్ట దాటి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి పక్కగా, నందిగామ మీదుగా వచ్చి కృష్ణలో కలిసే మునియేరు మూడు పరీక్షల్లోనూ ఎక్కువ మార్కులు తెచ్చుకుంటుంది.

ఇది వాన ఏరు. వానాకాలంలో భయపెడుతుంది. 2023 జూలై చివర ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికెక్కి హైదరాబాద్, విజయవాడల మధ్య బళ్లను ఆపేసింది ఈ ఏరే. 2024లో ఖమ్మాన్ని ముంచిందీ ఇదే. అలాంటిది దీపావళి దాటేసరికి సౌమ్యంగా మారిపోతుంది. బురద దిగి, అడుగు కనిపించేంత తేటగా, ఇసుక మీదుగా నాలుగైదు పాయలుగా పారుతుంది. రాతి పలకల దగ్గర గలగల, దాని కింద చిన్న మడుగు, మళ్లీ పలచటి పారుదల. ఫ్లై ఫిషింగ్ పుస్తకాలు వర్ణించే ఏటి బొమ్మకు ఈ సీమలో ఇంతకంటే దగ్గరిది లేదు. ఇసుక ఒడ్లు వెడల్పు కావడంతో దారం ఊపడానికి కావలసినంత జాగా ఉంటుంది.

దొరికే చేప చిన్నది. పరిగెలు, వాటిలో పెద్ద జాతివి, వెండి తీగల్లా మెరిసే సన్న చేపలు, అక్కడక్కడా జెల్ల, మడుగు అంచుల్లో మట్టగిడస, కొర్రమీను. జానెడు పరిగె కోసం ఇంత హంగామానా అని నవ్వేవాళ్లు, పారే నీటిలో నలుసంత ఎరను అది ఎగిరి అందుకున్న క్షణాన్ని ఒకసారి చూడాలి. తేలికైన నాలుగో నంబరు రాడ్ కొసను ఆ జానెడు చేపే వంచేస్తుంది. ఇవి పారే నీటిలో పురుగును తిని బతికే చేపలు. ఈక ఎరకు వచ్చేవి అందుకే ఇవి. బొచ్చె అలా కాదు. నీటిలోని కంటికానని జీవులను జల్లెడపట్టి తింటుంది. రాగండి, ఎర్రమోసు నాచు, అడుగు మట్టి వైపు పోతాయి. చెరువుల్లో కిలోల కొద్దీ పెరిగే ఈ ముగ్గురూ ఈకకు దాదాపు లొంగరు. పెద్ద చేప ఉన్న చోటే మంచి చోటనే లెక్క ఇక్కడ తప్పుతుంది.

మునియేటికి మచ్చలూ ఉన్నాయి. ఇసుక తవ్విన చోట ఏటి అడుగు మెట్లుగా, గోతులుగా మారింది. మోకాలి లోతు అనుకున్న చోట అడుగు వేస్తే నిలువు లోతు. 2022 సంక్రాంతి ముందు చందర్లపాడు మండలం ఏటూరు దగ్గర ఈ ఏటిలో దిగిన అయిదుగురు పిల్లలు మునిగిపోయారు. తెలియని మడుగులో కాలు పెట్టకూడదు, చేతికర్రతో తట్టి చూసుకుంటూ నడవాలి. వేసవిలో ఏరు తెగి మడుగులుగా మిగిలినప్పుడు చేపలన్నీ అక్కడ చేరతాయి, పట్టడం అతి తేలిక. సరిగ్గా అప్పుడే పట్టకూడదు. వేడి నీటిలో, ఊపిరాడని మడుగులో వదలడమంటే చంపి వదలడమే.

పాలేరు, వైరా, కట్టలేరు

పాలేరు జగ్గయ్యపేటకు ఇంటి ఏరు. పైన ఖమ్మం జిల్లాలో పాలేరు జలాశయం ఉంది. సాగర్ ఎడమ కాలువకు అది మధ్య మజిలీ. కింది ఏటిలో నీరు జలాశయం పొర్లితేనో, పొలాల నుంచి ఊటగా దిగితేనో. అందుకే కొన్ని నెలలు మురికిగా, కొన్ని నెలలు సన్నగా ఉంటుంది. 2024 సెప్టెంబరు వరదలో గరికపాడు దగ్గర వంతెన పక్క రోడ్డు కోతకు గురైంది. వరద తర్వాత ఏరు దారులు మార్చుకుంటుంది కనుక నిరుటి మంచి చోటు ఈ ఏడు ఉండకపోవచ్చు. పైగా కొంతమేర ఇది ఆంధ్ర, తెలంగాణలకు సరిహద్దు. ఈ గట్టున అడిగిన అనుమతి ఆ గట్టున చెల్లదు. మూడో వరసలో పెట్టదగ్గ నీరు.

వైరా, కట్టలేరు తిరువూరు, వీరులపాడు వైపు నీళ్లు మోసుకొచ్చి కీసర ప్రాంతంలో మునియేటికి చేరతాయి. ఇవి ఇరుకు ఏళ్లు, గట్ల మీద చెట్టూ చేమా ఎక్కువ. పూర్తి ఫ్లై రాడ్‌కు చోటు చాలదు. ఇందాక చెప్పుకున్న వెదురు కర్ర పద్ధతి ఇక్కడ చక్కగా పనికొస్తుంది. పదడుగుల కర్ర, దానంత దారం, కొసన కాకి నలుపు ఈక. నీడలో నిలబడి కొసను పారుదల మీద ఆడిస్తే చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు, ఖర్చు పెట్టలేనివాళ్లకు ఇవే బడి.

సాగర్ కాలువ: వద్దు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఈ మెట్ట రాత మార్చింది. ఆ ప్రాజెక్టు కోసం పట్టుబట్టినవాళ్లలో ముక్త్యాల రాజా ముందు వరసలో ఉన్నారని ఈ ఊళ్లలో గర్వంగా చెప్పుకుంటారు. కాలువలో చేపలూ వస్తాయి, తూముల దగ్గర కుర్రాళ్లు గాలాలు వేస్తూనే ఉంటారు.

మన పరీక్షల్లో మాత్రం ఇది తప్పుతుంది. గట్లు ఏటవాలుగా, నాచు పట్టి జారుడుగా ఉంటాయి. పడితే పైకెక్కడానికి పట్టు దొరకదు. అంతకంటే పెద్ద కారణం, కాలువకు నీళ్లు వంతుల వారీగా వదిలి మళ్లీ కట్టేస్తారు. కట్టేశాక అందులోని చేప ఎండి చావాలి, లేదా పొలం కాలువలో ఎవరికో దొరకాలి. అక్కడ చేపను వదలడం మనసుకు తృప్తి, చేపకు వాయిదా. కాలువ చేపను పట్టి పులుసు పెట్టుకునేవాణ్ని ఈ వ్యాసం తప్పు పట్టదు.

చెరువులు: అడిగి దిగాల్సిన నీళ్లు

చెరువు కట్ట మీద నిలబడితే వెనక జాగా, ముందు నీరు, పక్కన తూము, ఆ చివర కలుజు. థామస్ దొరకు నచ్చింది ఇదే. కానీ ఆయన కాలపు చెరువు వేరు, ఇప్పటి చెరువు వేరు. ఇప్పుడు చాలా చెరువుల్లో మత్స్యకార సంఘం హక్కు పొంది, డబ్బు పెట్టి బొచ్చె, రాగండి, ఎర్రమోసు పిల్ల వదులుతుంది. ఆ చేప వాళ్ల పెట్టుబడి. 'నేను వదిలేస్తున్నానుగా' అన్న మాట అక్కడ చెల్లదు. గాలం గాయం తగిలి చచ్చే ప్రతి చేపా వాళ్ల నష్టం. సంఘం పెద్దను కలిసి, రోజుకింత అని ఇచ్చి, వాళ్ల పిల్ల జోలికి పోనని ఒప్పుకుని దిగడం ఒక్కటే మర్యాద.

ఒప్పుకుంటే చెరువు ఇచ్చే బహుమతి కొర్రమీను. గడ్డి అంచుల్లో, తామరాకుల మధ్య మాటువేసి, నీటి మీద కదిలే కప్ప మీదికి ఒక్క ఉదుటున లేస్తుంది. కప్పను కట్టి కొర్రమీను పట్టడం మనవాళ్లకు కొత్త కాదు. వెంట్రుకలతో కట్టిన తేలే కప్ప అదే పని చేస్తుంది, కప్ప ప్రాణం మిగులుతుంది. దీనికి ఏడో ఎనిమిదో నంబరు రాడ్, గట్టి కొసదారం కావాలి. గాలి పీల్చగల చేప కావడంతో వదిలాక బాగా తట్టుకునేది కూడా ఇదే. తక్కువ ఊపిరి ఉన్న నీటిలో బొచ్చె గిలగిల్లాడే చోట ఇది పైకొచ్చి ఒక గుక్క పీల్చి వెళ్లిపోతుంది.

ఒక్క సమయంలో మాత్రం కొర్రమీనును వదిలినా తప్పే. వానల్లో జత చేపలు తమ ఎర్రటి పిల్లల గుంపును కాపలా కాస్తాయి. నీటి మీద బుడగల్లా, కుంకుమ చల్లినట్టు పిల్లలు ఆడుతుంటే తల్లో తండ్రో కిందే ఉందని అర్థం. అక్కడ ఎర వేస్తే కోపంతో తప్పక కొడుతుంది. మనం ఫొటో తీసుకుని వదిలేలోపు ఆ పిల్లల్లో సగం వేరే చేపల పొట్టలో ఉంటాయి.

సున్నపురాయి తవ్వి వదిలిన గోతుల్లో నిలిచే నీలినీళ్లు జగ్గయ్యపేట వైపు కంటికి ఇంపుగా కనిపిస్తాయి. అవి నిలువు అంచుల లోతు గోతులు, వాటికి యజమానులు ఉంటారు. దూరం నుంచి చూసి రావడమే మంచిది.

ఏ నెలలో, ఏ చేతితో

కాలం లెక్క సులువే. జూన్ నుంచి అక్టోబరు దాకా ఏళ్లు బురద, చేపలు గుడ్లతో ఎదురీదే కాలం, ఆ నెలల్లో వేట మానేయాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన పండగ. పొద్దున మంచు విడిచాక ఒక గంట, సాయంత్రం ఎండ వాలాక ఒక గంట. మార్చిలో పొద్దుటిపూట మాత్రమే. ఏప్రిల్, మే నెలల్లో కర్ర గోడకు చేరాలి, ఆ నెలలు ఎరలు కట్టుకోవడానికి.

వదలడం ఒక పని, దాన్ని నేర్చుకోవాలి. గాలం కొస వెనక ఉండే ఎదురుముల్లును పటకారుతో నొక్కేయాలి. అప్పుడు గాలం ఒక్క తిప్పుకు ఊడొస్తుంది. చేపను ఆడించి ఆడించి అలసిపోనివ్వకూడదు, త్వరగా దరికి తేవాలి. చేతులు తడుపుకోకుండా ముట్టుకుంటే దాని ఒంటి జిగురు పొర పోతుంది, ఆ తర్వాత బూజు పట్టి చచ్చిపోవచ్చు. నీళ్లలోంచి పైకెత్తితే మన ఊపిరి బిగబట్టి చూడాలి. మనకు ఊపిరి కావాలనిపించేలోపు అది నీళ్లలో ఉండాలి. తోసేయకుండా, పారుదలకు ఎదురుగా పట్టుకుంటే దానంతట అదే చేతిలోంచి జారిపోతుంది.

వదలకూడని చేపలూ ఉన్నాయి. 1952లో దేశంలోకి వచ్చిన తిలాపియా, పెంపకం నిషేధించినా పాకిపోయిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, ఒళ్లంతా పెంకుతో వలలు చింపే దెయ్యం చేప, ఇవి స్థానిక చేపల చోటు తింటున్నాయి. వదలడమే వ్రతమనుకుని వీటిని తిరిగి ఏట్లో వేయడం ఏటికి అపకారం.

ఎదుటి వాదం

ఈ ఆటను అసలే ఒప్పుకోని వాళ్ల మాటలో బలముంది. తినడానికి కాకుండా, కేవలం సరదాకి ఒక ప్రాణిని గుచ్చి లాగడం ఏం న్యాయం? జర్మనీ, స్విట్జర్లాండ్ చట్టాలు వదిలేయాలనే ఉద్దేశంతో పట్టడాన్నే తప్పంటాయి. అమెరికాలో లీ వుల్ఫ్ లాంటివాళ్లు 1930ల నుంచి దీనికి తిరగేసిన వాదం చెప్పారు. మంచి చేపను ఒక్కసారికే పరిమితం చేయడం దండగ, వదిలితే మరొకరికీ దక్కుతుందన్నారు. రెండు వాదాలూ కడుపు నిండిన దేశాలవే.

మనకు దగ్గరి ఉదాహరణ కావేరి. కర్ణాటకలో భీమేశ్వరి, గాలిబోరె శిబిరాల్లో మహసీర్‌ను పట్టి వదిలే వేట చాలా ఏళ్లు సాగింది. స్థానికులు దారి చూపేవాళ్లుగా పనిచేశారు. ఆ డబ్బుతో నది ఒడ్డున నిఘా ఉండేదని, డైనమైట్ వేట తగ్గిందని ఆ వేటను సమర్థించేవాళ్లు చెబుతారు. వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో ఏ వేటా కూడదని 2012 ప్రాంతంలో ఆ శిబిరాల్లో గాలం ఆగిపోయింది. ఆ నదికే ప్రత్యేకమైన మూపురపు మహసీర్ 2018లో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది. గాలం ఆపడమే కారణమనడానికి లేదు, గాలమే కాపాడిందనడానికీ లేదు. నది వైపు రోజూ చూసే కళ్లు కొన్ని తగ్గాయి, అంతవరకే చెప్పగలం.

మునియేటికి అలాంటి కళ్లు ఇప్పటికే ఉన్నాయి. అవి వల వేసేవాళ్లవి. మందుగుండుతో, విషంతో చేపలు పట్టడం 1897 నాటి చట్టం నుంచీ నేరమే. అయినా అది జరిగితే మొదట నష్టపోయేది, మొదట పసిగట్టేది వాళ్లే. నలుగురు సరదారాయుళ్లు ఈక విసిరినంత మాత్రాన ఏరు బాగుపడదు. వాళ్లు ఆ గట్టు మనుషులతో కలిసి నడిస్తే, ఇసుక గోతుల గురించి, డైనమైట్ గురించి అడిగే గొంతు ఒకటి పెరుగుతుంది. వాళ్లను పక్కకు నెట్టి ఏటిని తమ ఆటస్థలం అనుకుంటే మాత్రం ఈ ఆట ఇక్కడ మొదలవకపోవడమే మేలు.

లెక్క తేలిస్తే

పోలంపల్లి నుంచి కీసర దాకా మునియేరు, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మొదటి స్థానం. వెదురు కర్రతో కట్టలేరు, వైరా రెండో స్థానం. ఏడాదికేడాది చూసుకుని పాలేరు మూడోది. సంఘం ఒప్పుకున్న చెరువు అంచు, కొర్రమీను కోసం, వానాకాలం తప్ప. కృష్ణలో పాయలు మాత్రమే, అదీ తోడుతో. కాలువ వద్దు, క్వారీ గోతులు వద్దు. ఏ మడుగు, ఏ బండ దగ్గర అన్నది ఈ వ్యాసం కావాలనే చెప్పలేదు. అచ్చులో పేరు పడిన మడుగు మరుసటి ఆదివారానికి మిగలదు. ఎలాగూ రాబోయే వరద దాన్ని చెరిపేస్తుంది.

ఏ మడుగో తెలుసుకోవడానికి మార్గం పాతదే. కార్తీకం వెళ్లాక ఒక సాయంత్రం కర్ర లేకుండా వెళ్లి, గాలం వేసుకున్న ఆ మనిషి పక్కన కాసేపు కూర్చోవాలి. ఎక్కడ పరిగె ఎగురుతోందో ఆయన చూపు చెబుతుంది. మళ్లీ ఆ ప్రశ్న అడుగుతాడు, వదిలేసేదానికి పట్టడం ఎందుకని. ఆయన పడుతున్నది ఇంటికి కూర. మనం పడుతున్నది ఒక్క క్షణం. ఆ క్షణానికి ఆయన కూరలోంచి ఏమీ తగ్గకుండా చూసుకోగలిగితే, ఆయన పక్కన నిలబడి ఈక విసరడానికి మనకు ఒక చోటు దొరికినట్టే.